రెజ్యూమెలో ఈ మాటలెందుకు?

‘హార్డ్‌వర్కింగ్, టీమ్ ప్లేయర్, క్విక్ లెర్నర్’... ఏ ఫ్రెషర్ రెజ్యూమె తెరిచినా ఇవే మాటలు. అందరూ రాసేదే మీరూ రాస్తే హెచ్‌ఆర్‌కి మీరెలా గుర్తుంటారు?

గుణాలు కాదు, చేసిన పని చెప్పండి. ‘కాలేజీ ఫెస్ట్‌లో చురుగ్గా పాల్గొన్నాను’ అనే బదులు ‘12 మంది వాలంటీర్లతో 600 రిజిస్ట్రేషన్లు పూర్తిచేయించాను’ అంటే మీ సత్తా ఇట్టే తెలుస్తుంది. అంకె నిజమైనదైతేనే సుమా! ‘రెస్పాన్సిబుల్ ఫర్’ అని సాగదీయకుండా ‘మేనేజ్డ్’, ‘బిల్ట్’ లాంటి క్రియతో వాక్యం మొదలుపెట్టండి.

చాలా కంపెనీల్లో రెజ్యూమెలను ముందు సాఫ్ట్‌వేరే జల్లెడ పడుతుంది. ఉద్యోగ ప్రకటనలో ‘ఎస్‌క్యూఎల్’ అని ఉండి, అది మీకొస్తే, అదే పదం వాడండి. రాకపోతే మాత్రం రాయొద్దు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడొచ్చు!