కాల్చినా కాలని చట్టం

ఆదివారం పూజ ముగింపుకొస్తుంది. ఫాదర్ ఒక కాగితం తీసి, ఫలానా వారి అబ్బాయికీ మన విచారణలోని ఫలానా వారి అమ్మాయికీ పెళ్లి కుదిరిందనీ, అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చి చెప్పాలనీ చదువుతారు. అబ్బాయి మేనబావ అయితే ఇంకో కాగితం కూడా కావాలి. మేనరికం మనకు ముద్దే గానీ, 1983 నాటి కతోలిక కానన్ చట్టంలోని 1091వ నిబంధనకు అది అడ్డు. మినహాయింపు దొరికితేనే ఆ పెళ్లి చెల్లుతుంది. ప్రేమించమన్న యేసు ఈ అర్జీలు కూడా పెట్టుకోమన్నాడా?

ఈ ప్రశ్న ఒకసారి మంటే పెట్టింది. 1520 డిసెంబర్ 10న విట్టెన్‌బర్గ్‌లో, ఎల్‌స్టర్ ద్వారం బయట, మార్టిన్ లూథర్ పోప్ పంపిన తాఖీదుతో పాటు కానన్ చట్ట గ్రంథాలనూ నిప్పుల పాలు చేశాడు. కోపానికి కారణాలున్నాయి. జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగానో జ్ఞానతండ్రిగానో నిలబడితే చాలు, అదీ చుట్టరికమే, పెళ్లి కూడదనేది ఆ చట్టం. డబ్బు ముట్టచెబితే కొన్ని అడ్డంకులు తొలగేవి.

అయితే ఎనిమిదేళ్లు తిరక్కుండానే, లూథర్ పెళ్లి జరిపించిన యోహానెస్ బూగెన్‌హాగెన్ 1528లో బ్రౌన్‌ష్వైగ్ పట్టణానికి సంఘ నియమావళి రాశాడు. బడులు, బోధకుల పోషణ, పేదల కోసం పెట్టె, అన్నిటికీ పద్ధతులు పెట్టాడు. ఆ పెట్టె దగ్గరే నేను ఆగిపోతాను. అందులో డబ్బు వేసే మంచివాడికి లెక్కలతో పనిలేదు. దాని మీద బతికే విధవరాలికే లెక్క కావాలి.

తెలుగునాట నియమాల గొడవ లేని సహవాసాలకు కొదవలేదు. 1941లో మద్రాసులో మొదలై హైదరాబాద్ హెబ్రోన్ దాకా వచ్చిన భక్తసింగ్ ఉద్యమంలో సంఘాన్ని పెద్దలే నడిపిస్తారు. ఆరాధనలో ఆ సాదాతనం ఎంతో బాగుంటుంది. అటు దక్షిణ ఇండియా సంఘానికి (సీఎస్ఐ) పెద్ద రాజ్యాంగమే ఉంది, అయినా తగాదాలు కోర్టుల మెట్లెక్కాయి. కాగితం ఉంటే చాలని నేననను.

కాగితాన్ని అటకెక్కిస్తే ఏమవుతుందో ఐర్లండ్‌లోని డబ్లిన్ చూపించింది. అక్కడి కతోలిక అగ్రపీఠంలో 1975 నుంచి 2004 వరకు పిల్లలపై గురువుల లైంగిక అత్యాచారాల గురించి వచ్చిన ఫిర్యాదులను ఏంచేశారో ప్రభుత్వం వేసిన మర్ఫీ కమిషన్ పరిశీలించింది. దాని నివేదిక 2009 నవంబర్‌లో బయటికొచ్చింది. పరువూ ఆస్తీ కాపాడుకునే ఆరాటంలో పీఠాధిపతులు దేశ చట్టాన్నే కాదు, తమ సొంత కానన్ చట్టాన్నీ పక్కన పెట్టారని తేల్చింది. ఆ ముప్పై ఏళ్లలో కమిషన్ దృష్టికి వచ్చిన సంఘ న్యాయస్థాన విచారణలు రెండంటే రెండు. మన కతోలికులు పారిష్‌ను విచారణ అంటారు కదా, ఆ మాటల్లో చెప్పాలంటే, నిందితులు విచారణ నుంచి విచారణకు మారారు గానీ విచారణకు నిలబడలేదు. చట్టంలోని గోప్యతా వాళ్లకు గొడుగు పట్టింది. ఇలాంటి కేసుల్లో ఆ గోప్యతను పోప్ ఫ్రాన్సిస్ 2019 డిసెంబర్‌లో ఎత్తేశారు. శిక్షల అధ్యాయాన్ని 2021లో తిరగరాయించారు.

నమ్మడానికి చట్టం అక్కర్లేదు. సిలువ మీద యేసు పక్కన వేలాడిన దొంగకు ఏ నిబంధన తెలుసు? కానీ అతను బతికి, ఓ సంఘంలో చేరి, అక్కడి పెద్ద చేతిలో మోసపోయి ఉంటే? ఎవరి గడప ఎక్కేవాడు? సంఘంలో తనకున్న హక్కుల కోసం విశ్వాసి సంఘ న్యాయస్థానానికి వెళ్లవచ్చని కానన్ చట్టంలోని 221వ నిబంధన చెబుతోంది. మన గుళ్లలో పెళ్లి చాటింపు విన్నన్నిసార్లు ఈ సంగతి విన్నవాళ్లు కనబడరు.

ఆ కానన్ చట్ట గ్రంథంలో మొత్తం 1752 నిబంధనలు. ఆత్మల రక్షణే సంఘానికి అన్నిటికన్నా పెద్ద చట్టమన్న మాట ఆఖరిదాంట్లో ఉంది. ప్రసంగాలకు బాగా పనికొచ్చే మాట. అది ఏ సందర్భంలో వచ్చిందో మాత్రం చాలామంది చెప్పరు. ఆ నిబంధన విచారణ గురువుల బదిలీల గురించి.