తలుపు రంగు మార్చినా నోటీసే: బాత్ నగరంలో 30 ఇళ్ల కథ

ఇల్లు మనది, డబ్బు మనది. తలుపుకు ఏ రంగు వేసుకుంటే ఎవరికేంటి అనుకుంటాం కదా! ఇంగ్లాండ్‌లోని బాత్ నగరంలో 1970లలో ఒకావిడ అలాగే అనుకుని, తెల్ల తలుపుల వరసలో తన తలుపుకు పసుపు రంగు వేయించారు. రంగు మార్చమని నగర పాలక సంస్థ నోటీసు ఇచ్చింది. ఆమె ఒప్పుకోలేదు. విచారణ జరిగింది. చివరికి ఆమే గెలిచారు.

ఒక్క తలుపు కోసం ఇంత గొడవ ఎందుకంటే, ఆ ఇల్లు రాయల్ క్రెసెంట్‌లోది. క్రెసెంట్ అంటే నెలవంక. గోడకు గోడ ఆనుకుని, నెలవంకలా వంపు తిరిగిన 30 పెద్ద ఇళ్ల వరస అది.

బాత్‌లో వేడినీటి ఊటలున్నాయి. 18వ శతాబ్దంలో ఆరోగ్యం కోసం, సరదా కోసం ధనవంతులు అక్కడికి వచ్చి నెలల తరబడి ఉండేవారు. వాళ్ల కోసం జాన్ వుడ్ అనే వాస్తుశిల్పి 1767లో ఈ పని మొదలుపెట్టారు. తండ్రి పేరు కూడా అదే, ఆయనా వాస్తుశిల్పే. పూర్తవడానికి దాదాపు 8 ఏళ్లు పట్టింది.

కట్టిన పద్ధతి విచిత్రంగా ఉంటుంది. 114 స్తంభాలతో ఉన్న ముందు భాగం మొత్తం ఒకటే నమూనా. కొన్నవాళ్లు అందులో తమ వంతు ముఖభాగం తీసుకుని, వెనకాల ఇల్లు తమకు నచ్చినట్టు కట్టించుకున్నారు. అందుకే ముందు నుంచి చూస్తే ఒకే మహల్, వెనక నుంచి చూస్తే ఎవరి ఇల్లు వారిదే.

1942 ఏప్రిల్‌లో జర్మన్ విమానాల దాడికి 2, 17 నంబర్ల ఇళ్లు లోపల కాలిపోయాయి. తర్వాత బాగుచేశారు. ఇప్పుడు కొన్ని ఇళ్లు ఫ్లాట్లయ్యాయి, ఒకచోట హోటల్ ఉంది, 1వ నంబర్ ఇల్లు మ్యూజియం.

ఈ వరస ప్రభుత్వ వారసత్వ జాబితాలో మొదటి శ్రేణిలో ఉంది. అంటే ఇల్లు అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు. కానీ దాని రూపం మారేలా బయటే కాదు, లోపల పని చేయించాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. లేకపోతే అది నేరం. మరమ్మతుల ఖర్చు మాత్రం యజమానిదే.

ఇది బరువే. అయినా 250 ఏళ్లలో ఎన్ని చేతులు మారినా, ఎన్ని వాటాలైనా ఆ ముఖం చెదరలేదు. పసుపు తలుపు కూడా ఇప్పుడు ఆ వరసలో భాగమైపోయింది.