‘పడదు’ అన్న చుట్టానికి ఏం పెడదాం?

పిల్లలూ! కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమని పేరుపడ్డ నందిగామ, జగ్గయ్యపేట 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరు మారినా మర్యాద మారలేదు. ఇంటికి వచ్చినవారి చేతిలో ఏదో ఒకటి పెట్టందే కదలనివ్వరు. “నాకు వేరుశనగ పడదండీ” అంటే, “ఒక్కటి తింటే ఏమవుతుందిలే” అని బలవంతం చేసేవారూ ఉంటారు. ఆ ఒక్కటి ఎందుకు ప్రమాదమో, అటువంటి చుట్టం వచ్చినప్పుడు ఫలహారాలు ఎలా సిద్ధం చేసుకోవాలో తెలుసుకుందాం.

పడకపోవడం రెండు రకాలు

మనం ‘పడదు’ అనే ఒక్క మాటతో రెండు వేరు వేరు సంగతులు చెబుతుంటాం. కొందరికి పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తుంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను జీర్ణం చేసే లాక్టేజ్ ఎంజైము వారి పేగుల్లో తక్కువగా ఉంటుంది. ఇది ఎలర్జీ కాదు. ఇక్కడ మోతాదు ముఖ్యం. గ్లాసెడు పాలు పడనివారిలో చాలామంది కాస్త పెరుగు తిని హాయిగానే ఉంటారు.

ఎలర్జీ సంగతి వేరు. ఈ పేరు పెట్టినవాడు వియన్నా నగరపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే, 1906లో. సూక్ష్మజీవుల నుంచి మనల్ని కాపాడే రక్షణ వ్యవస్థ ఒకటి శరీరంలో ఉంది కదా! అది కొందరిలో వేరుశనగ, పాలు, గుడ్డు, రొయ్య వంటివాటి మాంసకృత్తును శత్రువని పొరబడి ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. ఇవి మాస్ట్ కణాలను అంటిపెట్టుకొని కాచుకొని ఉంటాయి. మళ్ళీ అదే మాంసకృత్తు రాగానే ఆ కణాలు హిస్టమిన్ మొదలైన రసాయనాలను వెదజల్లుతాయి. దద్దుర్లు, దురద, పెదవుల వాపు, వాంతులు వస్తాయి. ఒక్కొక్కప్పుడు గొంతు వాచి, ఊపిరాడక, రక్తపు పోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. దీనిని ఎనాఫిలాక్సిస్ అంటారు. కొందరికి ఇందుకు వేరుశనగ పలుకులో చిన్న ముక్క చాలు. అందుచేత చుట్టానికి ఉన్నది ఏ రకమో తెలియనప్పుడు ఎలర్జీ అనుకొనే జాగ్రత్తపడాలి.

దాక్కున్న దినుసులు

నందిగామలో మీ ఇంట పుట్టినరోజు పండుగ, జగ్గయ్యపేట నుంచి వేరుశనగ, పాలు పడని స్నేహితుడు వస్తున్నాడు అనుకోండి. పిలిచేటప్పుడే వాళ్ళ అమ్మగారిని మూడు ప్రశ్నలు అడగండి. ఏవేవి పడవు? తింటే ఏమయింది? మందు వెంట ఉంటుందా?

ఇక ఒక్కొక్క వంటకాన్ని విప్పి చూడాలి. పులిహోర పోపులో వేరుశనగ గుళ్ళున్నాయి. ఇడ్లీకి చేసే పచ్చడిలోనూ అవే. సున్నుండల్లో నెయ్యి ఉంది. అది పాల నుంచి వచ్చిందే. కేకులో పాలు, గుడ్డు, గోధుమ మూడూ ఉండవచ్చు. ఇంగువ పొడిలో సైతం చాలాసార్లు గోధుమపిండి కలుపుతారు. బాగా శుద్ధిచేసిన వేరుశనగ నూనెలో మాంసకృత్తు దాదాపు ఉండదు గాని, గానుగ నూనెలో మిగిలి ఉంటుంది.

మరి ఏం పెట్టాలి? ఇడ్లీ, వేరుశనగ లేని కొబ్బరి పచ్చడి, వెన్న వేయని జంతికలు, నెయ్యి లేకుండా బెల్లంతో చేసిన కొబ్బరి లౌజు, అరటిపళ్ళు. ఈ జాబితాను కూడా వాళ్ళ అమ్మగారికి వినిపించాలి. ఎందుకంటే కొద్దిమందికి జంతికల్లోని శనగపిండీ పడదు. అందరికీ అవే వడ్డిస్తే ఆ స్నేహితుడు ఒక్కడూ మూల కూర్చోనక్కరలేదు.

వంటగదిలో వరస

వీటిని ముందుగా, కడిగిన పాత్రల్లో, కొత్త నూనెలో వండి మూతపెట్టాలి. వేరుశనగ వేయించిన మూకుడులోనే జంతికలు వేస్తే ఆ మాంసకృత్తు వీటికీ అంటుతుంది. వేడికి అది నశించదు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఉత్త నీళ్ళు చాలవు.

పొట్లాల మీద పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ, సోయా, చేపలు, రొయ్యల వంటివి ఉంటే ఆ సంగతి అచ్చువేయాలని 2020 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. చదివి కొనండి. విడిగా అమ్మే మిఠాయిలో ఏముందో దుకాణదారు చెప్పలేకపోతే ఆ స్నేహితుడికి పెట్టవద్దు.

ఇంత చేసినా ఊపిరాడకపోవడం, గొంతు బిగుసుకోవడం, కళ్ళు తిరగడం కనబడితే మజ్జిగ తాగించి చూద్దామని ఆగకూడదు. వెంటనే పెద్దలను పిలవండి. వైద్యుడు రాసిచ్చిన ఎడ్రినలిన్ ఇంజెక్షను ఉంటే పెద్దలు తొడకు ఇవ్వాలి. 108కి ఫోను చేయాలి. రోగిని పడుకోబెట్టాలి, ఆయాసముంటే కూర్చోబెట్టాలి, నడిపించకూడదు. కాస్త తేరుకున్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళాల్సిందే.

ఈ ఆదివారం మీ ఇంట్లో చేసిన ఏదైనా ఒక పిండివంట తీసుకొని, నూనెతో సహా అందులో పడిన దినుసులన్నీ కాగితం మీద రాయండి. తరువాత అమ్మకు చూపించి, మీరు ఎన్ని మరిచిపోయారో లెక్కపెట్టండి.