విద్యాఋణం

కాళిదాసు రఘువంశం పంచమసర్గలో కౌత్సుని కథ ఉన్నది. వరతంతు మహర్షి వద్ద పదునాలుగు విద్యలు అభ్యసించిన ఈ శిష్యుడు గురుదక్షిణగా ఏమి సమర్పించవలెనని అడిగాడు. నీ శుశ్రూషయే చాలునన్నాడు గురువు. శిష్యుడు పట్టు విడువలేదు. విసిగిపోయిన గురువు, విద్యకొక కోటి చొప్పున పదునాలుగు కోట్లు తెమ్మన్నాడు. నిరుపేదయైన కౌత్సుడు రఘుమహారాజును ఆశ్రయించాడు. యజ్ఞంలో సర్వస్వం దానం చేసి మట్టిపాత్రలో అర్ఘ్యమిచ్చే స్థితిలో ఉన్న ఆ రాజు, కుబేరునిపై దండెత్తుటకు సిద్ధపడ్డాడు. ఆ రాత్రే కోశాగారంలో బంగారు వాన కురిసింది.

కౌత్సుడు ధనాన్ని గూర్చి చింతించినది చదువు ముగిసిన పిదప. నేటి విద్యార్థి తరగతిలో అడుగిడక ముందే చింతింపవలసి వస్తున్నది. పైగా అతనికి రఘువు దొరకడు, బ్యాంకు దొరుకుతుంది.

మన దేశంలో ఈ పరిస్థితి ఒక్కనాడు ఏర్పడలేదు. ప్రభుత్వ కళాశాలల సంఖ్య విద్యార్థుల సంఖ్యతో సమానంగా పెరగలేదు. ఆ లోటును ప్రైవేటు కళాశాలలు పూరించాయి. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు వృత్తివిద్యాకళాశాలల సీట్లను ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లు అని విభజించింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో ఆ విధానాన్ని తొలగించి, రుసుములను నిర్ణయించుకొనే స్వేచ్ఛను యాజమాన్యాలకు ఇచ్చింది. క్యాపిటేషన్ రుసుమును మాత్రం నిషేధించింది. నిషేధం ఏ మేరకు అమలవుతున్నదో తల్లిదండ్రులను అడిగితే తెలుస్తుంది.

ఇక బ్యాంకుఋణం సంగతి. 2001లో రూపొందిన ఆదర్శ విద్యాఋణ పథకం ప్రకారం నాలుగు లక్షల వరకు తాకట్టు అవసరం లేదు. తల్లి లేక తండ్రి సహఋణగ్రహీతగా సంతకం చేయాలి. చదువుకాలంలోనూ, ఆపై మరొక ఏడాదీ వాయిదాలు కట్టనక్కరలేదు. ఇక్కడే పలువురు పొరబడతారు. వాయిదాకు విరామమే కాని వడ్డీకి విరామం లేదు.

ఒక లెక్క చూడండి. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు, నూటికి పది వార్షికవడ్డీపై ఋణం తీసుకొన్నారనుకొందాం. మొదటి లక్షకు ఐదేళ్ల వడ్డీ, రెండవదానికి నాలుగేళ్ల వడ్డీ, ఇట్లా లెక్కిస్తే బారువడ్డీయే 1,40,000 రూపాయలవుతుంది. బాకీ 5,40,000. దీనిని ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 9,000 రూపాయల చొప్పున 84 వాయిదాలు. మొత్తం ఏడున్నర లక్షలు దాటుతుంది. అయినా మన పల్లెల్లో నూటికి రెండు రూపాయలనే నెలవడ్డీ ఏడాదికి ఇరవై నాలుగు శాతమని గుర్తుంచుకొంటే, బ్యాంకు ఎంతో నయమనిపిస్తుంది.

ప్రభుత్వాలు ఊరకే కూర్చోలేదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బోధనరుసుముల చెల్లింపు పథకం విస్తృతమైంది. కూలివాని బిడ్డ ఇంజనీరు కావడానికి అది తోడ్పడిందనుటలో అతిశయోక్తి లేదు. అయితే నిధులు విడుదల కానప్పుడు కొన్ని కళాశాలలు ధ్రువపత్రాలు ఆపివేస్తాయి. ప్రభుత్వం బాకీపడితే ఉద్యోగం పోగొట్టుకొనేది విద్యార్థి! 2024లో కేంద్రమంత్రివర్గం ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం, ఎంపికచేసిన విద్యాసంస్థల్లో చేరినవారికి, కుటుంబ వార్షికాదాయం ఎనిమిది లక్షల లోపైతే, పది లక్షల వరకు ఋణంపై విరామకాలంలో మూడు శాతం వడ్డీరాయితీ ఇస్తుంది.

చదువుకాలంలోనే వడ్డీని నెలనెలా కట్టే అవకాశం కూడ ఉన్నది. పై లెక్కలో అది మొదటి ఏట నెలకు సుమారు 830 రూపాయలు, నాలుగవ ఏట 3,300. అట్లా కడితే చివరకు మిగిలే బాకీ నాలుగు లక్షలే. అంతమాత్రం కట్టగల కుటుంబం అసలు అప్పెందుకు చేస్తుందని మీరు అడుగవచ్చు. ఆ ప్రశ్న సమంజసమే.