ఇంటి దగ్గర ఫైబర్ బోటు బాగుచేసుకునేవారికి

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తీరంలో వేట నిషేధం. బోట్లు ఒడ్డెక్కి మరమ్మతులు జరిగే కాలమిది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి. పాతబడిన బోటును మేస్త్రీ లేకుండా ఇంటి ముందే బాగుచేసుకునేవారూ ఉన్నారు. పగిలిన చోట అరగదీసి, గాజు మ్యాట్ పరచి, రెజిన్ పట్టిస్తే బోటు మళ్లీ గట్టిపడుతుంది. పని మంచిదే. అందులో వాడే మందుల గురించే మేము చెప్పదలిచాము.

రెజిన్ గట్టిపడటానికి నూటికి ఒకటి రెండు పాళ్లు కెటలిస్టు కలుపుతారు. చూడటానికి అది నీళ్లలాగే ఉంటుంది. అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. కంటిలో ఒక్క చుక్క పడినా నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర కాలిపోయి, చూపు శాశ్వతంగా పోవచ్చు. పడిన వెంటనే, అక్కడికక్కడే, రెప్పలు తెరచి పట్టుకొని మంచినీళ్లు ధారగా పోస్తూ కనీసం 15 నిమిషాలు కడగాలి. ఆటో కోసం పరుగెత్తకండి. ముందు నీళ్లు, తరువాతే ఆసుపత్రి. చనుబాలు, ఆముదం, పసరు ఏదీ కంటిలో వేయవద్దు. పని మొదలుపెట్టక ముందే రెండు మూడు బిందెల నీళ్లు, ఒక చెంబు పక్కన పెట్టుకోండి. చలువ కళ్లద్దాలు చాలవు, పక్కలు కూడా మూసి ఉండే గాగుల్స్ కావాలి.

ఊదా రంగులో ఉండే కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను కెటలిస్టుతో నేరుగా కలపరాదు, భగ్గుమని పేలుతుంది. కోబాల్టును ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తరువాతే కెటలిస్టు వేయాలి. ఎండలో రెజిన్ త్వరగా బిగుస్తుంది కనుక కొంచెం కొంచెంగా కలుపుకోండి. మగ్గు నిండా మిగిల్చితే అదే వేడెక్కి పొగలు కక్కుతుంది.

రెజిన్ ఘాటు వాసన స్టైరీన్ అనే ఆవిరిది. తలనొప్పి, కళ్లు తిరగటం, వికారం దీని వల్లనే. ఇది క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లో తేల్చింది. మూతికి తువ్వాలు చుట్టుకుంటే ఆవిరి ఆగదు, బొగ్గు ఫిల్టరున్న మాస్కు కావాలి. ఆరుబయట, గాలి తగిలే చోట పని చేయండి. దగ్గరలో పొయ్యి, బీడీ ఉండరాదు. గర్భిణీలు, పిల్లలు దూరంగా ఉండాలి.

అరగదీసేటప్పుడు లేచే గాజు నుసి ఒంటికి గుచ్చుకొని దురద పెడుతుంది. రుద్దకుండా చల్లని నీళ్లు పోసుకోండి. ఆ బట్టలు విడిగా ఉతకండి, పసిబిడ్డల బట్టలతో కలపవద్దు. ఈ నుసి ఊపిరిలోకి పోకుండా దుమ్ము మాస్కు పెట్టుకోండి.

మిగిలిన కెటలిస్టును కూల్‌డ్రింక్ సీసాలో పోసి దాచే అలవాటు వద్దే వద్దు. దాహం వేసిన పిల్లవాడికి తేడా తెలియదు. ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా, ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.