చీరల కొట్టు చేతిలోకి వచ్చింది!

తిరువూరులో పెళ్ళి కుదిరితే పూర్వం ఇంటిల్లిపాదీ బస్సెక్కి బెజవాడ వెళ్ళేవారు. గుమాస్తా విప్పిన మడతలన్నీ చూసి, కొంగు చేత్తో నలిపి, బేరమాడి, పొద్దుగూకాక మూటలతో ఇల్లు చేరేవారు. ఇప్పుడో? కొట్టే సెల్‌ఫోనులో ఇంటికి వస్తున్నది.

2016లో యూపీఐ చెల్లింపులు మొదలయ్యాయి. 2018లో చిన్న వర్తకుల కోసమే వాట్సాప్ బిజినెస్ వచ్చింది. కొత్త చీరల ఫోటోలు పంపడం, వీడియోలో కొంగు పరచి చూపడం, కూర్చున్నచోటే డబ్బు పుచ్చుకోవడం వర్తకులకు సులువైంది. అమెరికాలోని అమ్మాయి, తిరువూరులోని తల్లి ఒకే చీరను ఒకేసారి చూసి మెచ్చుకోవచ్చు. సుఖమే!

అయితే ఫోను రంగు చూపుతుంది గాని, నేత చూపదు. మరమగ్గం చీరను మంగళగిరి చేనేత అని అంటగడితే తెలిసేదెలా? చేనేతకు 2006 నుంచి 'హ్యాండ్‌లూమ్ మార్కు' ఉన్నది. డబ్బు పంపకముందే ఆ చీటీని వీడియోలో చూపమనండి. వచ్చిన సరుకు చెప్పినట్లు లేకపోతే వర్తకుడు వాపసు తీసుకోక తప్పదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. మొరాయిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి, 1915 నంబరుకు, ఫోను చేయవచ్చు.

బేరమాడడం మరచినా ఫరవాలేదు. రసీదు అడగడం మాత్రం మరువకండి!