కొండ దిగే సైకిలు: స్ప్రింగు ముఖ్యమా, బ్రేకు ముఖ్యమా?

మీరు బిలాస్‌పూర్‌లో, రైల్వే కాలనీలో ఉంటున్నారనుకోండి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉద్యోగాల కోసం వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాటిలో మీదీ ఒకటి. దసరాకు ముందు నాన్నగారికి బోనస్ వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో రైల్వేవారి 78 రోజుల బోనస్ గరిష్ఠంగా 17,951 రూపాయలు. మీ చిరకాల కోరిక తీర్చడానికి నాన్నగారు ఒప్పుకున్నారు. కొండదారుల్లో దిగే సైకిలు, అంటే టీవీలో ‘డౌన్‌హిల్’ పందేల్లో చూసే రకం సైకిలు మీకు కావాలి.

దుకాణంలో ఇంచుమించు ఒకే ధరకు రెండు సైకిళ్ళు చూపించారు. మొదటిదానికి ముందూ వెనకా లావాటి స్ప్రింగులు, కళ్ళు చెదిరే రంగులు ఉన్నాయి. రెండోదానికి వెనక స్ప్రింగు లేదు, ముందు ఫోర్కులో మాత్రం సస్పెన్షన్ ఉంది. చూడడానికి సాదాగా ఉన్నా రెండు చక్రాలకూ మంచి డిస్క్ బ్రేకులున్నాయి. ఏది కొంటారు?

చాలామంది చెయ్యి మొదటిదాని మీదికే పోతుంది. తొందరపడకండి. మీరు తొమ్మిది, పది తరగతుల్లో చదివిన భౌతికశాస్త్రాన్ని ఒకసారి దుకాణంలోకి తీసుకురండి.

దిగడమంటే శక్తిని వదిలించుకోవడం

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు రైల్లో వెళ్ళినవారికి భన్వర్‌టోంక్ ఘాట్ తెలిసే ఉంటుంది. అక్కడ బండి మైకల్ కొండలు ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ఇంజను బలం ముఖ్యం. మరి దిగేటప్పుడు? బ్రేకుల బలం. ఘాట్ దిగే బండికి బ్రేకులు సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకునేది అందుకే. సైకిలుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

మీ బరువు 60 కిలోలు, సైకిలు బరువు 15 కిలోలు, మొత్తం 75 కిలోలు అనుకుందాం. 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే మీరు కోల్పోయే స్థితిశక్తి 75 × 9.8 × 100, అంటే 73,500 జౌళ్ళు. ఈ శక్తి ఎక్కడికీ మాయం కాదు. దేన్నీ ఖర్చు చెయ్యకుండా అంతా గతిశక్తిగా మారనిస్తే, కింద మీ వేగం గంటకు 160 కిలోమీటర్ల దాకా ఉంటుంది! గాలి నిరోధం అంత వేగం రానివ్వదు లెండి. కానీ క్షేమంగా దిగాలంటే ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని బ్రేకులే వేడిగా మార్చాలి.

ఆ 100 మీటర్ల ఎత్తును కిలోమీటరు దారిలో, గంటకు 18 కిలోమీటర్ల నిలకడ వేగంతో దిగారనుకోండి. అందుకు 200 సెకన్లు పడుతుంది. లెక్క కడితే సెకనుకు దాదాపు 367 జౌళ్ళు, అంటే 367 వాట్లు. మన ఇంట్లోని 750 వాట్ల ఇస్త్రీపెట్టె ఇచ్చే వేడిలో దాదాపు సగం! ఇందులో గాలీ, టైర్లూ కొంత పంచుకున్నా పెద్ద వాటా మీ బ్రేకులదే.

గ్రీజు కాలిన కథ

ఈ పాఠం చరిత్రలోనూ ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని మారిన్ కౌంటీలో 1976 అక్టోబరు 21న కొందరు యువకులు ఒక కొండ దిగే పందెం పెట్టుకున్నారు. దారి పొడవు మూడు కిలోమీటర్ల పైచిలుకు, దిగే ఎత్తు దాదాపు 400 మీటర్లు. వాళ్ళ సైకిళ్ళు పాత కాలపు లావు టైర్ల బండ్లు. పెడల్‌ను వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్‌లోనే పట్టే బ్రేకు వాటిలో చాలావాటికి ఆధారం. పైన చేసిన లెక్క ప్రకారం 75 కిలోలకు అక్కడ విడుదలయ్యే శక్తి సుమారు 3 లక్షల జౌళ్ళు. ఆ వేడికి హబ్‌లోని గ్రీజు కాలి పొగలు కక్కేది. పందెం అయ్యాక హబ్ విప్పి మళ్ళీ గ్రీజు నింపాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరొచ్చింది. ఆ పందేల్లో పాల్గొన్న జో బ్రీజ్ 1977లో కొండదారుల కోసమే ప్రత్యేకంగా ఫ్రేము తయారుచేశాడు. 1990లో అమెరికాలోని డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో డౌన్‌హిల్ కూడా ఒక అంశమైంది.

గమనించారా? స్ప్రింగు ఫోర్కులు ఈ సైకిళ్ళకు తర్వాత వచ్చాయి. మొదట ఎదురైన సమస్య బ్రేకే.

రిమ్ము బ్రేకా, డిస్కు బ్రేకా?

మామూలు సైకిలులో రబ్బరు ముక్కలు రిమ్మును నొక్కుతాయి. నిజానికి రిమ్మే ఒక పెద్ద డిస్కు. దాని వ్యాసార్ధం 30 సెంటీమీటర్ల దగ్గరలో ఉంటుంది. మామూలు డిస్కు వ్యాసార్ధం 8 సెంటీమీటర్లే. కాబట్టి అదే ఫలితం రావాలంటే డిస్కును దాదాపు నాలుగు రెట్ల బలంతో పట్టుకోవాలి. మరి డిస్కు ఎందుకు మేలు? మూడు కారణాలున్నాయి. ఒకటి, వానాకాలంలో బురద పట్టి తడిసిన రిమ్ము మీద రబ్బరు జారుతుంది. డిస్కు నేలకు దూరంగా ఉంటుంది. రెండు, ఎక్కువసేపు బ్రేకు పట్టి దిగితే రిమ్ము వేడెక్కి లోపలి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. డిస్కు వేడి ట్యూబు దాకా పోదు. మూడు, రిమ్ము కాస్త వంకర తిరిగినా డిస్కు బ్రేకు పనిచేస్తుంది.

మీ ఊరి స్టేషన్లోనే ఈ తేడా చూడవచ్చు. పాత ఐసీఎఫ్ పెట్టెల్లో బ్రేకు దిమ్మలు చక్రం అంచునే నొక్కుతాయి. కొత్త ఎల్‌హెచ్‌బీ పెట్టెల్లో ఇరుసుకు బిగించిన డిస్కులను పట్టుకుంటాయి.

డిస్కు బ్రేకుల్లో మళ్ళీ రెండు రకాలు. ఒకదాన్ని తీగ లాగుతుంది. రెండోదానిలో గొట్టంలోని ద్రవం పాస్కల్ సూత్రం ప్రకారం బలాన్ని చేరవేస్తుంది. ద్రవంతో పనిచేసేది మెరుగు, ఒక వేలితోనే ఆగుతుంది. అది మీ సొమ్ముకు అందకపోతే బాధపడకండి. సరిగా బిగించిన తీగ డిస్కు కూడా మొదటి సైకిలుకు సరిపోతుంది.

స్ప్రింగు చేయని పని

స్ప్రింగు ఉంటే కుదుపు తగ్గుతుంది కదా అంటారా? సగమే నిజం. స్ప్రింగు శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. రాయి మీద ఎక్కి నొక్కుకుపోయిన స్ప్రింగు మరుక్షణం మిమ్మల్ని పైకి విసురుతుంది. అంటే చక్రం నేలను వదులుతుంది. నేలను తాకని చక్రానికి బ్రేకు వేసి ప్రయోజనం ఏముంది? అందుకే స్ప్రింగుతో పాటు దాని ఊపును వేడిగా మార్చే డంపర్ ఉండాలి. అందులో నూనె సన్నని రంధ్రాల గుండా పోతూ కదలికను నెమ్మదింపజేస్తుంది. ఐసీఎఫ్ పెట్టె కింద కాయిల్ స్ప్రింగుతో పాటు నూనె డాష్‌పాట్ ఉండేది ఇందుకే.

నిజమైన డౌన్‌హిల్ సైకిలులో ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల దాకా కదిలే, డంపర్లున్న సస్పెన్షన్ ఉంటుంది. దాని ధర లక్షల్లో. బోనస్ సొమ్ముకు వచ్చే ‘డబుల్ సస్పెన్షన్’ సైకిలులో సాధారణంగా వెనక ఉండేది వట్టి స్ప్రింగే. అది బరువు పెంచుతుంది, తొక్కే ప్రతిసారీ మీ కాలి శక్తిని మింగుతుంది, బ్రేకులకు పెట్టాల్సిన డబ్బునూ మింగుతుంది.

దుకాణంలోనే పరీక్షించవచ్చు. సీటును గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి లేచి నెమ్మదిగా నిలబడితే డంపర్ ఉన్నట్టు. రెండు మూడుసార్లు ఎగిరితే వట్టి స్ప్రింగన్నమాట.

పైసా ఖర్చులేని ఉపాయం

ముందు బ్రేకు బలంగా పడితే సైకిలు తలకిందులవుతుందని భయం. ఎప్పుడు అవుతుంది? మీ గురుత్వకేంద్రం నేల నుంచి 110 సెంటీమీటర్ల ఎత్తున, ముందు టైరు నేలను తాకే చోటుకు 60 సెంటీమీటర్లు వెనక ఉందనుకోండి. సమతలం మీద 60/110, అంటే గురుత్వ త్వరణంలో 0.55 వంతు దాకా వేగాన్ని తగ్గించవచ్చు. అది దాటితే వెనక చక్రం లేస్తుంది. ఐదు మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో ఈ హద్దు 0.34కు పడిపోతుంది.

ఇప్పుడు సీటు దించి, మోకాళ్ళు వంచి, శరీరాన్ని వెనక్కి జరపండి. గురుత్వకేంద్రం 95 సెంటీమీటర్లకు దిగి, 80 సెంటీమీటర్లు వెనక్కి వెళ్ళిందనుకుంటే అదే వాలులో హద్దు 0.63 అవుతుంది. దాదాపు రెట్టింపు! డౌన్‌హిల్ సైకిళ్ళ ముందు ఫోర్కు బాగా ముందుకు వాలి ఉండేదీ, చక్రాల మధ్య దూరం ఎక్కువ ఉండేదీ ఇదే లెక్కతో. అయితే ఈ హద్దు టైరు నేలను పట్టినంతవరకే. వదులు కంకర మీద అంతకు ముందే టైరు జారిపోవచ్చు. అందుకే లావుగా, లోతైన గట్లున్న టైర్లు చూసుకోండి.

సొమ్ము ఎలా పంచాలి?

మొత్తం సైకిలుకే పెట్టేయకండి. రెండు వేల రూపాయల దాకా హెల్మెట్‌కు తీసి ఉంచండి. దాని లోపల ఈఎన్ 1078 లేదా సీపీఎస్సీ ప్రమాణం ముద్ర ఉందేమో చూడండి. ఇంకో వెయ్యి చేతి తొడుగులకూ, అదనపు బ్రేకు ప్యాడ్లకూ ఉంచుకోండి. మిగిలినదానిలో వెనక స్ప్రింగు లేని, రెండు డిస్కు బ్రేకులున్న, మీ ఎత్తుకు సరిపోయే సైకిలు ఎంచుకోండి. కొన్న నెల తర్వాత బ్రేకు తీగలు మళ్ళీ బిగించుకోవాలి. కొత్త తీగలు సాగుతాయి.

వెంట వచ్చే పుస్తకం కూడా చదవండి. ‘గెంతులకు కాదు’ అని అందులో ఉంటే ఆ మాట నమ్మండి. ఫ్రేము మెడ దగ్గర విరిగితే ఏ హెల్మెటూ మీ పళ్ళను కాపాడలేదు.

ఇక ఎక్కడ దిగాలి? రైలుకట్టల వాలు ఎంత ఊరించినా అటు పోవద్దు. అక్కడికి చొరబడడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, అంతకుమించి ప్రాణాంతకం. అచానక్‌మార్ 2009 నుంచి పులుల అభయారణ్యం. అక్కడి అడవి బాటలు మన పందేలకు కావు. వాహనాలు తిరగని చిన్న వాలు చాలు.

చేసి చూడండి

సమతలంగా ఉన్న ఖాళీ రోడ్డు మీద సుద్దముక్కతో గీత గీయండి. గంటకు 10, తర్వాత 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి, గీత దగ్గర రెండు బ్రేకులూ సమంగా పట్టండి. ఆగిన దూరం కొలవండి. వేగం రెట్టింపైతే దూరం రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఎందుకంటే గతిశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. తర్వాత ఒక స్నేహితుణ్ణి వాలు కింద కాపలా ఉంచి, చిన్న వాలు మీద 10 కిలోమీటర్ల వేగంతో ఇదే చెయ్యండి. రెండు కొలతలూ నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకోండి. మీ సైకిలు ఎంత వాలు దిగగలదో దుకాణదారు చెప్పే మాటకన్నా ఆ అంకెలే బాగా చెబుతాయి.